పెరటితోట: మొగ్గ విరియకమునుపే యేల మాడును?



చైత్రము వచ్చినది. ప్రొద్దు వాలుసరికి మల్లెపూల బండ్లు వీధులలోనికి వచ్చుచున్నవి. పెరడు గలవారి యింట మల్లెపొదయు, పెరడు లేనివారి బాల్కనీలో మల్లెకుండీయు మొగ్గ తొడిగినవి. అయినను ఈ మాసము నాకు చేరిన జాబులలో సంతోషవార్తలకంటె మొఱలే హెచ్చుగా నున్నవి. మొగ్గలు గోధుమరంగు తిరిగి కొమ్మమీదనే యెండిపోవుచున్నవని కొందఱును, తెల్లవాఱి చూచునప్పటికి నేలమీద రాలి యుండుచున్నవని కొందఱును వ్రాసినారు. వానిలో నొక జాబును మాత్రము నేను పలుమాఱులు చదువుకొంటిని. దాని సారాంశ మిది:

"నాకు వివాహమై యాఱు మాసములైనది. మా అత్తవారింట పదునైదేండ్లనాటి మల్లెపొద యున్నది. ఏటేట వేసవిలో దోసిళ్లకొలది పూచెడిదట. ఈ యేడు మొగ్గలన్నియు మాడిపోవుచున్నవి. నేను బయట చేరినప్పుడు పొదదగ్గఱకు పోయినందున నా నీడ సోకి యిట్లయినదని మా అత్తగారు చుట్టపక్కాలతో ననుచున్నారు. ఆమె చెడ్డమనిషి గారు. ఆ పొద ఆమెకు ప్రాణము. నేనిప్పుడు పెరటిలోనికి పోవుటయే మానుకొంటిని. నా వలన నిజముగా మొగ్గలు మాడునా? నా పేరు తెలుపక పత్రికలో సమాధానము వ్రాయవలయును."

అమ్మాయీ, మాడవు. నీ నీడవలన గాని, నీ చేతివలన గాని, నెలలో నే దినమునను మొగ్గ మాడదు. అయితే మాడదని చెప్పి యూరకున్నచో మీ అత్తగారి పొద పూయదు. నీమీది నిందయు పోదు. మొగ్గ యేల మాడుచున్నదో కనుగొని, దానిని మఱల పూయించిననే రెండును తీరును. కావున ఈ మాసము ఆ విషయమునే వివరముగా వ్రాయుచున్నాను.

మా అమ్మమ్మగారి నూతిచప్టా

ముందుగా మా యింటిమాట యొకటి చెప్పెదను. 1978వ సంవత్సరపు వేసవిలో నేను తొమ్మిదేండ్ల పిల్లను. మా అమ్మమ్మగారి యింట నూతిచప్టాచుట్టును ఎనిమిది మల్లెపొదలుండెడివి. ఆ యేడు మొగ్గలు బఠాణిగింజంత కాగానే అడుగుభాగము ఉబ్బి, ఊదారంగు తిరిగి, ఎండి రాలిపోవుచుండెను. మా మేనమామగారి భార్య, అనగా మా అత్తయ్య, క్రొత్తగా కాపురమునకు వచ్చిన దినము లవి. ఇప్పుడు జాబు వ్రాసిన చిన్నదానికి వచ్చిన నిందయే నాడామెకును వచ్చినది. "పూలమొక్కల కా నీడ గిట్టదు" అని అమ్మమ్మ యనెడిది. అత్తయ్య మాఱుపలుకక నూతికి ఆవలివైపుననే తిరిగెడిది.

వైశాఖమాసమున అత్తయ్య తన తమ్ముని పెండ్లికి పుట్టింటికి పోయి నెలదినము లుండెను. ఆ నెల యంతయు మొగ్గలు యథాప్రకారము మాడినవి. అప్పుడు గాని అమ్మమ్మ ఆలోచనలో పడలేదు. వ్యవసాయశాఖలో పనిచేసిన మా తాతగారి స్నేహితులొకరు ఒకనాడు మా యింటికి వచ్చినప్పుడు ఆమె వారికి పొదలను చూపినది. ఆయన మొగ్గ యొకటి త్రెంచి, గోటితో చీల్చి, అరచేత పెట్టి చూపెను. దానిలో నువ్వుగింజకంటె చిన్నవైన తెల్లని పురుగులు మెదలుచుండెను. అమ్మమ్మ కండ్లజోడు తెప్పించుకొని చాలసేపు చూచినది. ఏమియు ననలేదు. రాలిన మొగ్గల నన్నిటిని ఏరించి, పొదలక్రింది నేలను త్రవ్వించి, వేపపిండి వేయించినది. జ్యేష్ఠమాసము చివర మఱల మంచి మొగ్గలు వచ్చినవి. ఆనాడు కట్టిన మాలలో మొదటి మూర అమ్మమ్మ తన చేతితోనే అత్తయ్య జడలో తుఱిమినది. ఆ యింట ఆ నింద మఱల వినబడలేదు.

పాతదైన యొక యపవాదము

ఈ యపవాదము మన దేశమునకే చెందినదని తలపవలదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమక పండితుడైన ప్లీనీ తన ప్రకృతిచరిత్రమను బృహద్గ్రంథములో, ముట్టయిన స్త్రీ తాకినచో పైరులును తోటమొక్కలును ఎండిపోవునని వ్రాసియున్నాడు. పూర్వకాలపు మాటగదా యని దానిని విడుతమన్నచో, 1920వ సంవత్సరమున వియన్నా నగరమున బేలా షిక్ అను శిశువైద్యుడు, డిఫ్తీరియా వ్యాధి విషయమై తాను కనిపెట్టిన పరీక్షవలన పేరుగాంచినవాడు, ఇంచుమించు అదే మాట యనెను. ఒక పనికత్తె ఆ దినములలో పట్టుకొన్న పూవులు త్వరగా వాడినవని చూచి, అట్టి సమయమున స్త్రీ శరీరమునుండి యొక విషము వెలువడునని యాతడు ప్రకటించెను. పిమ్మట పలువురు ఆ విషముకొఱకు వెదకిరి. కొందఱు కనుగొంటిమని కూడ చెప్పిరి గాని, ఆ మాటలు జాగ్రత్తగా చేసిన పరీక్షలకు నిలువలేదు. నేడు వైద్యశాస్త్రము ఆ వాదమును పూర్తిగా విడిచిపెట్టినది. చదువుకొన్నవారును మొగ్గను చూడక మనుష్యులను చూచినచో పొరపడుదురనుటకు ఇది యొక నిదర్శనము.

మొక్క యేల మొగ్గను విడుచును?

ఆకు సంపాదించునది. వేరు నీరు తెచ్చునది. మొగ్గయో వ్యయము చేయునది. ఎండవెలుగుతో ఆకు తయారుచేసిన ఆహారమును, వేరు పీల్చిన నీటిని తీసికొని మొగ్గ పెరుగును. ఇంటిలో రాబడి తగ్గినప్పుడు గృహిణి మొట్టమొదట పట్టుచీరను మానుకొనును గాని బియ్యమును మానుకొనదు గదా! మొక్కయు నట్లే చేయును. నీరు చాలకున్నను, వేరు చెడినను, వెలుగు తగ్గినను ఆకును, వేరును కాపాడుకొని మొగ్గను వదలుకొనును.

మొగ్గకాడ మొదట సన్నని కణముల పొర యొకటి యుండును. మొక్కకు కష్టము కలిగినప్పుడు దానిలోనే ఎథిలీన్ అను వాయువు హెచ్చుగా పుట్టును. ఆ వాయువు ప్రభావమున ఆ పొరలోని కణములు ఒకదానినొకటి విడిచిపెట్టును. మొగ్గ పచ్చగా నుండగనే రాలును. ఇట్లు పచ్చగా రాలినది తఱచుగా మొక్క తానై విడిచిన మొగ్గ. రాలక కొమ్మమీదనే మాడినది తఱచుగా నీరందక యెండినది గాని, పురుగు తినినది గాని యై యుండును. ఆరోగ్యముగా నున్న మొక్కయు కొన్ని మొగ్గలను రాల్చుట సహజము. దానికి దిగులు పడనక్కఱలేదు. సగమునకు పైగా పోవుచున్నప్పుడు మాత్రము కారణము వెదకవలెను.

మొదట మొగ్గను విప్పి చూడుడు

ఏ మందు కొనుటకు ముందైనను, ఏ యెరువు వేయుటకు ముందైనను ఈ పని చేయుడు. మాడిన మొగ్గలు పది కోసి తెల్లని పళ్లెములో పెట్టుడు. గుండుసూదితో ఒక్కొక్కదానిని నిలువునా చీల్చి వెలుతురులో చూడుడు. చూపు ఆననివారు చేతిఫోనులోని కెమెరాను దగ్గఱగా పెట్టి పెద్దదిగా చేసి చూడవచ్చును.

అడుగుభాగము ఉబ్బి, ఊదా లేక గులాబిరంగు తిరిగి, లోపల కాళ్లులేని అతిసూక్ష్మమైన తెల్లని లేక పసుపుపచ్చని పురుగులున్నచో అది మొగ్గయీగ పని. పళ్లెములో పడిన ఆ పురుగులు ఒక్కొక్కప్పుడు వంగి ఎగిరిపడుచుండును. అదియే దాని ఆనవాలు.

మొగ్గకు గుండ్రని కన్నముండి, ప్రక్కప్రక్క మొగ్గలు సన్నని దారముతో కలిపి అల్లినట్లుండి, లోపల నల్లని తల గల ఆకుపచ్చని పురుగున్నచో అది మొగ్గతొలుచు పురుగు.

రేకుల అంచులు కాలినట్లుండి, మొగ్గపైన గోధుమరంగు గీతలుండి, తెల్లకాగితముపై దులిపినప్పుడు సన్నని పురుగులు పరుగెత్తినచో అవి తామరపురుగులు.

లోపల ఏ పురుగును లేక, మొగ్గ కొననుండి ఎండుచు వచ్చినచో నీరు గాని, వేడిగాలి గాని కారణము. పురుగు లేక, పసుపుపచ్చనై రాలినచో వేరులకు నీరు హెచ్చుటయో, వెలుగు తగ్గుటయో, చోటు మార్చుటయో కారణము కావచ్చును.

నీటి విషయము

మన యిండ్లలో మొగ్గలు పోవుటకు నీటి లెక్క తప్పుటయే తఱచుగా కారణము. నీరు తక్కువైనచో ఆకు వ్రేలాడును, మొగ్గ కొన మాడును. ఇది యందఱికిని తెలిసినదే. నీరెక్కువైనను మొగ్గ పోవుననుట చాలమందికి తెలియదు. వేరులకు నీటితోపాటు గాలియు కావలెను. కుండీలో ఎల్లప్పుడు నీరు నిలిచియున్నచో వేరులకు గాలి యందక అవి క్రుళ్లును. క్రుళ్లిన వేరు నీరు పీల్చలేదు. అప్పుడు తడిమంటిలోనే మొక్క దాహముతో వాడును. వాడినది గదా యని గృహిణి మఱియొక చెంబు నీరు పోయును. దానితో మిగిలిన వేరులును పోవును.

కావున నీరు పోయుటకు ముందు వ్రేలిని ఒక అంగుళము లోతుగా మంటిలో పెట్టి చూడుడు. తడి తగిలినచో ఆనాడు పోయవలదు. పొడిగా నున్నచో కుండీ అడుగు కన్నమునుండి నీరు కాఱువఱకు పోసి, క్రింది పళ్లెములో నిలిచిన నీటిని పాఱబోయుడు. ఉదయము పోయుట మంచిది. వేసవిలో మేడమీది చిన్నకుండీలకు సాయంకాలము కూడ పోయవలసి యుండవచ్చును. నాలుగు దినములు ఎండగట్టి, అయిదవనాడు ముంచెత్తుట మొగ్గలకు పరమశత్రువు. మంటిపైన రెండంగుళముల మందమున ఎండుటాకులు గాని కొబ్బరిపీచు గాని పఱచినచో తడి నిలుకడగా నుండును.

ఉప్పదనము గల బోరునీరును, ఇండ్లలో త్రాగునీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రము విడిచిపెట్టు నీరును నిత్యము కుండీలకు పోయువారున్నారు. ఆ యంత్రము శుద్ధజలమును మనకిచ్చి, ఉప్పును ఈ విడిచిన నీటిలోనికి నెట్టును. దానినే మాసములకొలది పోసినచో మంటిలో ఉప్పు పేరుకొనును; ఆకుల అంచులు మాడును, మొగ్గలు ఎండును. ఆ నీటిని ఇల్లు కడుగుటకు వాడుకొని, మొక్కలకు మంచినీరు గాని వాననీరు గాని పోయుడు. ఇప్పటికే ఉప్పు చేరినచో మంచినీటిని రెండు మూడు మాఱులు ధారాళముగా పోసి అడుగునుండి కాఱనిండు.

ఎండ, గాలి, చోటు

మల్లె ఎండను కోరునది. దినమునకు అయిదాఱు గంటలైనను నేరుగా ఎండ తగులనిచో ఆకు పచ్చగా పెరుగును గాని పూవు రాదు. వచ్చిన మొగ్గయు బలముగా నుండదు. పదునైదేండ్లక్రిందట నాటిన పొదమీద నేడు ప్రక్కయింటి మేడ నీడ పడుచున్నదేమో చూడుడు. మామిడికొమ్మ యేదైన పెరిగి కప్పినదేమో చూడుడు. పొద యున్నచోటనే యున్నను ఎండ దానిని విడిచి పోయియుండవచ్చును.

ఎండ కావలసినదే గాని మే మాసపు వడగాడ్పు వేఱు. మేడమీద నల్లని ప్లాస్టిక్ కుండీ మధ్యాహ్నమున వేడెక్కి, ప్రక్కలనున్న వేరులను ఉడికించును. కుండీచుట్టు గోనె చుట్టుట, ఒక కుండీ మఱియొకదానికి నీడయగునట్లు దగ్గఱ దగ్గఱగా పెట్టుట, మధ్యాహ్నము పడమటివైపున పలుచని గుడ్డ కట్టుట ఉపాయములు. బాల్కనీలలో ఏ.సి. యంత్రపు బయటిపెట్టె విడుచు వేడిగాలికి ఎదురుగా కుండీ పెట్టినచో ఎంత నీరు పోసినను మొగ్గ నిలువదు. మూడడుగులు ప్రక్కకు జరిపినంతనే పూచిన మొక్కలను నేను చూచితిని.

మొగ్గ తొడిగిన తరువాత కుండీని ఊరక చోటు మార్చవలదు. కడియము మొదలైన చోట్ల తోటలనుండి నిండుగా మొగ్గలతో తెచ్చిన మొక్క, ఇంటికి వచ్చిన వారము దినములకే మొగ్గలన్నియు రాల్చినచో అమ్మినవారు మోసగించినారని తలపవలదు. అచ్చటి వెలుగు, తేమ వేఱు, ఇచ్చటివి వేఱు. ఆ మార్పునకు వెఱచి మొక్క మొగ్గలను వదలుకొనినది. తెచ్చినవెంటనే పెద్దకుండీలోనికి మార్చక, వారము పది దినములు తేలికపాటి ఎండలో నుంచి, పిదప మెల్లగా ఎండ హెచ్చింపుడు.

ఎరువు

పేడయెరువు, పిండియెరువు హెచ్చుగా వేసినచో పూవులు హెచ్చుగా వచ్చునని చాలమంది నమ్మకము. నత్రజని మితిమీఱినచో ఆకులు దట్టముగా పెరుగును, లేతచిగురులకు పురుగులు మూగును, మొగ్గలు తగ్గును. కుండీలోని మల్లెకు నెలకొకమాఱు రెండు పిడికిళ్లు వానపాముల యెరువు చాలును. సంవత్సరమున కొకమాఱు ఒక పిడికెడు ఎముకల పొడి మంటిలో కలుపవచ్చును. ఎండిన మంటిలో ఎరువు వేయరాదు. ముందు నీరు పోసి, తరువాత ఎరువు వేయుడు.

లేతాకులు పసుపుపచ్చనై ఈనెలు మాత్రము పచ్చగా మిగిలినచో, అది యినుపధాతువు లోపము. సున్నపుపాలు హెచ్చుగా గల నేలలలో ఇది సాధారణము. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మఉప్పును కలిపి సాయంకాలము ఆకులపై చల్లుడు. వారమున కొకమాఱుగా రెండు మూడు మాఱులు చల్లినచో ఆకు పచ్చబడును. ఆకు బాగుపడిన పిదప మొగ్గ నిలుచును.

పురుగు కనబడినచో

మొగ్గయీగ దోమవంటి సూక్ష్మమైన ప్రాణి. అది మొగ్గలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు లోపల తిని పెరిగి, నేలమీదికి దిగి మంటిలో గూడు కట్టుకొని, మఱల ఈగలై లేచును. ఈ చక్రము తిరుగుటకు సుమారు మూడు నాలుగు వారములు పట్టును. మల్లెనే గాక మందారమును, వంగ, టమాట, మిరప మొగ్గలను కూడ ఇది యాశ్రయించును. దీని జీవనక్రమము తెలిసినచో ఉపాయమును తెలియును: పురుగు మొగ్గలోను మంటిలోను ఉండును గాన పైపైన మందు చల్లినంత మాత్రమున చావదు.

రాలిన మొగ్గలను ప్రతిదినము ఏరుడు. కొమ్మమీద ఉబ్బి రంగు మాఱినవానిని కూడ కోయుడు. తెగులు హెచ్చుగా నున్నచో మనసు కష్టమైనను ఒకమాఱు మొగ్గలన్నిటిని త్రుంచివేయుడు. వానిని ఎరువుగుంటలో వేయరాదు. ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి నాలుగు దినములు మంచి యెండలో పెట్టి పాఱవేయుడు. పొదక్రింది మంటిని రెండంగుళముల లోతున గుల్లచేసి వేపపిండి కలుపుడు. నాలుగువారములు విడువక చేసినగాని ఫలము కానరాదు. వారము దినములు చేసి మానినచో చేసిన శ్రమ వ్యర్థమగును.

మొగ్గతొలుచు పురుగునకు, తామరపురుగునకు వేపగింజల కషాయము ఉపయోగించును. 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి గుడ్డలో మూటగట్టి లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, ఉదయము పిండి వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లుడు. వేపగింజలు దొరకనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను సబ్బునీటితో చక్కగా కలిపి చల్లవచ్చును. తేనెటీగలు తిరుగు వేళను, మండుటెండలోను చల్లరాదు. తామరపురుగులు, ఎఱ్ఱనల్లి పొడిగాలిలో వృద్ధిపొందును. ఉదయమున ఆకుల అడుగున నీటిధార కొట్టుట వానిని చాలవఱకు తగ్గించును. మన పూవులు దేవునికి పెట్టునవి, పసిపిల్లల జడలలో తుఱుమునవి. కావున ఇంటితోటలో తీవ్రమైన విషమందులజోలికి పోకుండుటయే మేలు.

తక్కిన పూలమొక్కలు

మందారపు మొగ్గ పసుపుపచ్చనై రాలినచో ముందు దానిని చీల్చి మొగ్గయీగ పిల్లలకై చూడుడు. లేనిచో పిండినల్లి పట్టినదేమో, నీరు తప్పినదేమో విచారింపుడు. ముద్దమందారములకు ఈ జబ్బు రేకమందారములకంటె హెచ్చుగా కానవచ్చును.

గులాబిమొగ్గ వానకాలమున పైరేకులు తడిసి, ఎండకు అంటుకొని అట్టగట్టి, లోపలి రేకులను విచ్చుకొననీయదు. అట్లు బంధింపబడిన మొగ్గ లోపలనే క్రుళ్లును. మొగ్గలమీద నీరు పడకుండ మొదట మాత్రమే పోయుట, గాలియాడునట్లు కొమ్మలు పలుచన చేయుట దీనికి చికిత్స.

చామంతి కథ వేఱు. రాత్రి పొడవు పెరిగినగాని అది మొగ్గ తొడుగదు. పగటి రాత్రుల పొడవును బట్టి మొక్కలు పూచునని గార్నర్, అల్లార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920వ సంవత్సరమున తెలిపిరి. మన నగరములలో బాల్కనీకి ఎదురుగా వీధిదీపము తెల్లవాఱులు వెలుగుచున్నచో చామంతికి రాత్రి యైనట్లే తెలియదు. మొగ్గ ఆలస్యమగును, వచ్చినదియు సరిగా విచ్చుకొనదు. కుండీని చీకటిగల మూలకు మార్చుటకంటె వేఱు మందు లేదు. అయితే ఈ మార్పు మొగ్గ రాకమునుపే, ఆశ్వయుజమాసము నాటికే చేయుడు.

మల్లెకు సంవత్సరపు పని

వేసవిలో పూవు కోరువారు హేమంతముననే ఆరంభింపవలెను. నవంబరు నెలలో నీరు తగ్గించి పొదకు విశ్రాంతి నిండు. డిసెంబరులో గాని జనవరి మొదట గాని ఆకు దూసి, ఎండుకొమ్మలను, బలహీనపు కొమ్మలను తీసివేసి, తక్కినవానిని మోకాలియెత్తునకు కత్తిరింపుడు. మల్లె క్రొత్తచిగురు కొననే పూయును గాన కత్తిరింపని ముదురుపొద తక్కువ మొగ్గ తొడుగును, తొడిగిన మొగ్గకు బలము చాలదు. కత్తిరించిన పిదప పాదు త్రవ్వి, నేలలోని పొదకు 10 కిలోల మాగిన పశువులయెరువు వేసి నీరు కట్టుడు. కుండీలోని మొక్కనైనచో రెండు మూడేండ్లకొకమాఱు ఈ కాలముననే పెకలించి, చుట్టుకొనిన వేరులను కొంత కత్తిరించి, క్రొత్తమంటిలో నాటుడు. ఫిబ్రవరి నుండి మంటిలో తడి ఆఱకుండ చూచుకొన్నచో మార్చి మొదలు జూను వఱకు పూలపంట.

నిండుగా పెరిగి తెల్లనైన మొగ్గలను సాయంకాలము, విరియుటకు ముందే కోయుడు. తడిగుడ్డలో గాని అరటియాకులో గాని చుట్టి నీడను ఉంచుడు. పండిన మామిడిపండ్లు, అరటిపండ్లు ఉన్న బుట్టప్రక్క పూలు పెట్టరాదు. ముందు చెప్పిన ఎథిలీన్ వాయువే ఆ పండ్లనుండి వెలువడి పలు పూవులను త్వరగా వాడజేయును.

చివరిమాట

జాబు వ్రాసిన అమ్మాయీ! ఈ పత్రికను తీసికొని మీ అత్తగారియొద్దకు పొమ్ము. వాదులాడవలదు. "అత్తయ్యగారూ, ఒక తెల్లపళ్లెము తెచ్చెదను, పది మొగ్గలు మీరే కోసి యిండు" అనుము. ఇద్దఱును కూర్చుండి చీల్చి చూడుడు. పురుగు కనబడినచో నాలుగువారముల పని మీ యిద్దఱిది. పురుగు లేనిచో మంటిలో వ్రేలు పెట్టి చూడుడు; పొదమీద పడు నీడను చూడుడు. ఆమె పదునైదేండ్లుగా పెంచిన పొద మాడుచుండగా ఆమెకు కలిగిన దుఃఖము నిజమైనది. దుఃఖము కారణము వెదకుకొనును, చేతికందినవారిమీద పడును. కారణము కంటికి కనబడినచో ఆ కోపము నిలువదు.

అత్తగారలకు నా మనవి యొకటి. మీరు పెంచిన మొక్కయొక్క మర్మములు మీకు తెలిసినట్లు మఱియెవరికిని తెలియవు. ఆ విద్యను క్రొత్తగా వచ్చిన పిల్లకు నేర్పుడు. పెరటిలోనికి రావలదన్నచో మీ తరువాత ఆ పొదకు నీరు పోయువారెవరు? మొగ్గ మాడినప్పుడు మొగ్గనే అడుగుడు. అది దాచక చెప్పును.

పొద మఱల పూచినప్పుడు నాకొక కార్డు వ్రాయుము, అమ్మాయీ. పురుగు కనబడినదో, నీరు తప్పినదో, నీడ పడినదో తెలుపుము. వచ్చు మాసమున వేసవిలో కరివేపచెట్టును కాపాడుకొనుటను గూర్చి ముచ్చటించుకొందము.